డామా వీసా ఎవరి చేతిలో ఉంటుంది?

మా ఆర్మూర్ వైపు తమ్ముడు ఒకడు ఒక రాత్రి వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ ఫోటో పంపాడు. "అన్నా, ఆస్ట్రేలియా డామా వీసా వచ్చింది, ట్రక్ డ్రైవర్ పని, నాలుగేళ్ళు, పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చట, పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ అంటున్నరు, ఒకసారి చూడవా" అని. మొత్తం 14 లక్షలు అడిగారట. భార్య బంగారం కుదువబెట్టి మూడు లక్షలు అప్పటికే కట్టేశాడు. లెటర్ చూడ్డానికి చాలా బాగుంది, లోగో ఉంది, స్టాంపు ఉంది, జీతం డాలర్లలో ఉంది. నేను కింద కంపెనీ అడ్రస్ చూశాను. అది మెల్‌బోర్న్ నగరంలో ఒక పేట. అక్కడే నాకు గుండె జారిపోయింది, ఎందుకంటే మెల్‌బోర్న్ నగరానికి డామా అనేదే లేదు, అది కొన్ని నిర్ణీత ప్రాంతాలకే ఉండే వలస ఏర్పాటు.

నేను ఆస్ట్రేలియా ఉత్తరాన, నార్తర్న్ టెరిటరీ రాజధాని డార్విన్‌లో ఉంటాను. ఇలాంటి ఫోటోలు నాకు తరచూ వస్తుంటాయి. ప్రతిసారీ ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఈ వీసా అసలు ఏమిటి, ఎందుకు పుట్టింది, ఎవరి చేతిలో ఉంటుంది అనేది ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఈ విషయాన్ని రెండు ముక్కల్లో చెప్పబోయిన ప్రతివాడూ జనాన్ని ముంచాడు.

ముందు కొరత సంగతి. ఆస్ట్రేలియా అంటే మనవాళ్ళకి సిడ్నీ, మెల్‌బోర్న్ గుర్తొస్తాయి. జనం ఉన్నది కూడా ఎక్కువ అక్కడే. నేనుండే నార్తర్న్ టెరిటరీ విస్తీర్ణం 13 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు, అంటే మన రెండు రాష్ట్రాలు దాదాపు ఐదుసార్లు పడతాయి ఇందులో. జనాభా మాత్రం రెండున్నర లక్షలు, 2011 లెక్కల్లో మన కరీంనగర్ పట్నంలో ఉన్నంత. డార్విన్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కి 1,500 కిలోమీటర్లు, మధ్యలో చెప్పుకోదగ్గ ఊళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇలాంటి చోట పుట్టిన పిల్లలు చదువుకని నగరాలకి పోతారు, మళ్ళీ రారు. ఉన్నవాళ్ళలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళని గనులు ఎక్కువ జీతమిచ్చి లాగేసుకుంటాయి. మరి ముసలివాళ్ళకి స్నానం చేయించేదెవరు, ట్రక్కు నడిపేదెవరు, పసిపిల్లల్ని చూసుకునేదెవరు, కబేళాలో కత్తి పట్టేదెవరు? కరోనా టైంలో 2020 మార్చి నుంచి 2022 ఫిబ్రవరి దాకా సరిహద్దులు మూసేసినప్పుడు ఈ కొరత అందరికీ కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఆస్ట్రేలియా ప్రతి పనికీ నైపుణ్యాన్ని బట్టి ఒక మెట్టు పెట్టింది, ఒకటి నుంచి ఐదు దాకా. డాక్టర్లు, ఇంజినీర్లు ఒకటో మెట్టు, ఎలక్ట్రీషియన్, వంటవాడు లాంటివాళ్ళు మూడో మెట్టు. మామూలు స్కిల్డ్ వీసాలన్నీ దాదాపు ఈ మూడు మెట్లతోనే ఆగిపోతాయి. వృద్ధుల సంరక్షణ, ట్రక్ డ్రైవింగ్, చైల్డ్ కేర్, హోటల్లో సర్వ్ చేయడం ఇవన్నీ నాలుగో మెట్టు. అంటే మారుమూల ఊళ్ళకి అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన మనుషులకే మామూలు దారిలో తలుపు మూసి ఉంది. పసిఫిక్ ద్వీపాలవాళ్ళకి, తూర్పు తైమూర్ వాళ్ళకి పామ్ అని వేరే పథకం ఉంది, పొలాల్లో, కబేళాల్లో పనికి అట్నుంచి వస్తారు, అది మన ఇండియావాళ్ళకి వర్తించదు. ఇండియా, ఆస్ట్రేలియా మధ్య 2023లో కుదిరిన ఒప్పందం కింద మేట్స్ అని ఏడాదికి 3,000 మందికి ఒక వీసా వచ్చింది కానీ అది కొత్తగా డిగ్రీ అయినవాళ్ళకి, డ్రైవర్లకి కాదు. ఏజెంట్లు ఈ పేర్లన్నీ కలిపి ఒకే పాంప్లెట్ మీద అచ్చేస్తుంటారు కాబట్టి ఇది చెప్పాల్సొచ్చింది.

ఈ మూసిన తలుపులో పెట్టిన చిన్న కిటికీ డామా. పేరు పొడుగ్గా ఉంటుంది, అర్థం మాత్రం సులువు: ఒక నిర్ణీత ప్రాంతం కేంద్ర ప్రభుత్వంతో వలస గురించి చేసుకున్న ఒప్పందం. మొదటిది 2015లో మా నార్తర్న్ టెరిటరీకే వచ్చింది. తర్వాత 2019లో విక్టోరియాలోని వార్నాంబూల్ వైపు పాడి పశువుల ప్రాంతానికి, పశ్చిమాన కాల్గూర్లీ గనుల ఊరికి, ఆపైన కెయిర్న్స్, టౌన్స్‌విల్, డబ్బో, షెపర్టన్, పిల్బరా, దక్షిణ ఆస్ట్రేలియా ఇలా పెరుగుతూ పోయాయి. ఏ ప్రాంతానికి ఏ పనులు కావాలో ఆ ప్రాంతం జాబితా దానిదే. పక్క జాబితాలో ఉన్న పని ఇక్కడ ఉండకపోవచ్చు. కాబట్టి "ఆస్ట్రేలియా డామా లిస్టులో మీ పని ఉంది" అని ఎవరైనా అంటే, ఏ ప్రాంతం లిస్టు అని అడగండి. దేశం మొత్తానికి ఒక లిస్టు అనేది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కాగితాలు ఏ వరసలో నడుస్తాయో తెలిస్తే సగం మోసాలు అక్కడికక్కడే బయటపడతాయి. మొదటి కాగితం ప్రాంతానికీ కేంద్రానికీ మధ్య. ప్రాంతం తరఫున ఎవరో ఒకరు ప్రతినిధిగా ఉంటారు, కొన్నిచోట్ల సిటీ కౌన్సిల్, కెయిర్న్స్‌లో అయితే అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్. ఇక ఆ ప్రాంతంలో వ్యాపారం నడుపుతున్న యజమాని, నాకు మనుషులు దొరకడం లేదు అని ఆ ప్రతినిధి దగ్గరికి వెళ్ళాలి. ఊరికే చెబితే ఒప్పుకోరు. కొన్ని వారాలపాటు ప్రకటనలిచ్చి, ఎంతమంది అప్లై చేశారు, వాళ్ళలో ఇక్కడివాళ్ళు ఎందుకు పనికిరాలేదు అనేది చూపించాలి. ప్రతినిధి సరే అన్నాక వీసాలు చూసే కేంద్ర హోం అఫైర్స్ శాఖతో యజమాని తన సొంత లేబర్ అగ్రిమెంట్, అంటే విదేశీ పనివాళ్ళని తెచ్చుకునే ఒప్పందం చేసుకోవాలి. అది వచ్చాక ఫలానా ఉద్యోగం, ఫలానా జీతం, ఫలానా మనిషి అని నామినేషన్ వేయాలి. అదీ అయ్యాకే పనివాడి వీసా అప్లికేషన్ తేలేది.

అంటే పనివాడు వరసలో చిట్టచివర నిలబడతాడు. తనంతట తానుగా డామాకి అప్లై చేసుకునే దారి లేనేలేదు. ఆర్మూర్‌లో కూర్చుని "డామా ఫైల్ ఓపెన్ చేశాం" అని చెప్పే ఏజెంటు ఏ ఫైల్ ఓపెన్ చేశాడన్నట్టు? యజమాని దగ్గర అగ్రిమెంట్ లేకపోతే పనివాడి పేరు మీద ఓపెన్ చేయడానికి ఏ ఫైలూ ఉండదు.

వీసాల్లో రెండు రకాలు ఎక్కువ వినిపిస్తాయి. 482 తాత్కాలికం, నాలుగేళ్ళ దాకా. 494 ఐదేళ్ళది, ప్రాంతీయం, మూడేళ్ళు రూల్స్ ప్రకారం ప్రాంతంలోనే ఉండి పనిచేస్తే 191 అనే శాశ్వత వీసాకి అప్లై చేసుకోవచ్చు. చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది: 494 మీద వస్తే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుంది, 482 మీద వచ్చిన మనవాళ్ళు సొంతంగా ఇన్సూరెన్స్ కట్టుకోవాలి. కుటుంబంతో వచ్చేవాళ్ళకి ఇది చిన్న ఖర్చు కాదు. డామా వల్ల దొరికే సడలింపులు ప్రాంతాన్ని బట్టి, పనిని బట్టి మారుతాయి. మామూలుగా శాశ్వత వీసాకి వయసు 45 దాటకూడదు, డామాలో 50 దాకా, కొన్నిచోట్ల 55 దాకా ఒప్పుకుంటారు. ఇంగ్లీషు పరీక్షలోనూ కొంత తగ్గిస్తారు. అయితే తగ్గిస్తారు, తీసేయరు. "ఇంగ్లీష్ అక్కర్లేదు" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

జీతం దగ్గర ఆగి కొంచెం నెమ్మదిగా చదవాలి, ఎందుకంటే ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే ఎక్కువ పోట్లాట ఇక్కడే. విదేశీ పనివాణ్ణి చవగ్గా తెచ్చుకోకూడదని ఆస్ట్రేలియా రెండు గోడలు కట్టింది. ఒకటి, అదే పని అదే ఊళ్ళో ఇక్కడివాడు చేస్తే ఎంత ఇస్తారో అంతకు తగ్గకూడదు. రెండు, ప్రభుత్వం పెట్టిన ఒక కనీస గీత ఉంటుంది, దాని కిందికి పోకూడదు. ఈ గీత 2013 నుంచి పదేళ్ళు 53,900 డాలర్ల దగ్గరే కదలకుండా ఉండిపోయింది, 2023 జులైలో ఒక్కసారిగా 70,000 చేశారు, 2025 జులై 1న అది 76,515 అయింది. రూపాయల్లో 40 లక్షలు దాటుతుంది.

ఇక్కడే మెలిక. అదే 2025 జులైలో ఆస్ట్రేలియాలో ఎవరికైనా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు అయింది, వారానికి 38 గంటల లెక్కన ఏడాదికి 49 వేల పైచిలుకు. ఒక హోటల్లో వెయిటర్‌కి మార్కెట్‌లో ఏడాదికి 60 వేలు వస్తున్నాయనుకోండి, యజమాని "నేను ఈ విదేశీ కుర్రాడికి 76 వేలు ఇస్తాను" అన్నా కుదరదు. ఆ పనికి ఇక్కడివాళ్ళకి వచ్చే జీతమే గీత దాటాలి. అంటే నాలుగో మెట్టు పనులు చాలావరకు ఈ గీత దగ్గరే పడిపోతాయి. డామా ఇచ్చే సడలింపుల్లో యజమానులు ఎగబడేది అందుకే జీతం మీద. సాధారణంగా పది శాతం దాకా తగ్గించుకోనిస్తారు, అంటే ఆ 2025 గీత 68,900 దగ్గరికి వస్తుంది.

మోసం కూడా సరిగ్గా ఈ సందులోంచే దూరుతుంది. బ్యాంకులో జీతం పూర్తిగా పడుతుంది, పే స్లిప్ ముత్యంలా ఉంటుంది, శుక్రవారం సాయంత్రం మాత్రం కొన్ని వందల డాలర్లు కవర్లో పెట్టి యజమానికి వెనక్కివ్వాలి. మనవాళ్ళు దీన్ని క్యాష్‌బ్యాక్ అనే పిలుస్తారు, ఏదో ఆఫర్ అయినట్టు. ఇది నేరం. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టిన యజమానిని జైలుకి పంపే చట్టం కూడా ఉంది. అయినా పనివాళ్ళు చెప్పుకోరు, ఎందుకు చెప్పుకోరో అర్థం కావాలంటే స్పాన్సర్, అంటే పనివాడి వీసాకి పూచీ ఉండే యజమాని, అనే మాట దగ్గరికి రావాలి.

మా జగిత్యాల, నిజామాబాద్ వైపు స్పాన్సర్ అనగానే గల్ఫ్‌లోని కఫీల్ గుర్తొస్తాడు. పాస్‌పోర్ట్ లాక్కుని పెట్టుకునేవాడు, పని మారనివ్వనివాడు. ఆ మనిషి దగ్గర్నుంచి తప్పించుకుని పోతే కల్లివెల్లి అయిపోయినట్టే, కాగితాల్లేని బతుకు. మా ఇళ్ళల్లో ఆ కథ లేని ఇల్లు తక్కువ. ఆస్ట్రేలియా స్పాన్సర్ చట్టం ప్రకారం కఫీల్ కాదు. పాస్‌పోర్ట్ పనివాడి దగ్గరే ఉంటుంది, రాజీనామా చేయొచ్చు, దేశం విడిచి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తిరిగి ఇంటికి పోతానని రాసి అడిగితే ప్రయాణం ఖర్చు కూడా స్పాన్సరే పెట్టుకోవాలి. ఇవన్నీ చిన్న తేడాలు కావు, గల్ఫ్‌లో పనిచేసొచ్చినవాళ్ళకి ఆ విలువ తెలుస్తుంది.

కానీ వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది, అదొక్కటి మాత్రం రెండుచోట్లా ఒకటే. 2024 జూన్ దాకా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. 2024 జులై 1 నుంచి దాన్ని ఒక దఫాకి 180 రోజులు, వీసా కాలం మొత్తం మీద 365 రోజులు చేశారు. ఆ వ్యవధిలో వేరే ఏ పనైనా చేసుకుని బతకొచ్చు. చాలా మంచి మార్పు, దీనికోసం ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళున్నారు.

అయితే చిన్న ఊళ్ళో ఆ 180 రోజులు ఎలా కరుగుతాయో నేను దగ్గర్నుంచి చూశాను. గుంటూరు వైపు అమ్మాయి ఒకామె, చైల్డ్ కేర్ సెంటర్లో పని, డామా కింద స్పాన్సర్ అయింది. సెంటర్ చేతులు మారింది. కొత్త యజమానికి అగ్రిమెంట్ లేదు, ఆమె వీసా గాల్లోకి లేచింది. వంటింటి గోడకి మన తెలుగు క్యాలెండర్ ఉండేది, రోజూ రాత్రి ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టేది. రాత్రుళ్ళు సూపర్ మార్కెట్లో అట్టపెట్టెలు విప్పి సరుకు సర్దే పని, పొద్దున ఇంటర్వ్యూలు. ప్రతిచోటా ఒకటే మాట: నువ్వు నచ్చావు, కానీ మాకు అగ్రిమెంట్ లేదు, తెచ్చుకోవాలంటే నెలలు పడుతుంది. వేరే ఊరికి పోదామంటే అది ఈ డామా పరిధిలోకి రాదు. ఇంజినీరుకి 180 రోజులంటే దేశమంతా వెతుక్కునే టైం, ఈమెకి మాత్రం ఆ ప్రాంతంలో అగ్రిమెంట్ ఉన్న నాలుగైదు సెంటర్ల తలుపులే. 140 దాటాక ఒకచోట కుదిరింది. ఆ క్యాలెండర్ ఆమె ఇప్పటికీ పారేయలేదు.

శుక్రవారం కవర్ గురించి ఎవరూ ఎందుకు నోరు విప్పరో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. ఏది ఎవరు కట్టాలో చట్టంలో స్పష్టంగా ఉంది. స్పాన్సర్‌షిప్ ఫీజు, నామినేషన్ ఫీజు, స్థానికులకి పని నేర్పడానికని ప్రభుత్వం వసూలు చేసే లెవీ, ఇవి యజమానివే. ఆ లెవీ చిన్న వ్యాపారానికి 482 కింద ఏడాదికి 1,200 డాలర్లు, పెద్దవాటికి 1,800, అంటే నాలుగేళ్ళకి చిన్న హోటలైనా 4,800 కట్టాల్సిందే. ఇది పనివాడి దగ్గర రాబట్టకూడదు. పనివాడు కట్టుకునేవి వీసా అప్లికేషన్ ఫీజు, మెడికల్, ఇంగ్లీష్ పరీక్ష, స్కిల్ అసెస్‌మెంట్ లాంటివి. ఏజెంటు సలహా ఫీజు కూడా తీసుకోవచ్చు, చేసిన పనికి తగ్గట్టు. కానీ "స్పాన్సర్‌ని ఇప్పిస్తా, ఇన్ని లక్షలు" అనే బేరం ఉందే, అది 2015 డిసెంబర్ 14 నుంచి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం తప్పు. తీసుకున్న స్పాన్సర్‌కి రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు, ఇచ్చినవాడికి జరిమానా, వీసా రద్దు. కాబట్టి 14 లక్షలు కట్టినవాడు మోసపోవడమే కాదు, నిజంగా వీసా వచ్చినా దాని మెడ మీద కత్తి తానే పెట్టుకున్నట్టు.

ఆస్ట్రేలియాలో ఉండి వలస సలహా ఇచ్చేవాడికి రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా లాయరై ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటుకి మార్న్ నంబర్ అని ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఆ నియమం వర్తించదు, చిక్కు అక్కడే వస్తుంది. మన దేశంలో వలస చట్టం కింద రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. ఏజెంటు పేరు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో ఉందో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలున్నాయి, బంగారం కుదువబెట్టే ముందు అక్కడొకసారి అడిగితే పోయేదేం లేదు.

ఇదంతా న్యాయమేనా అంటే, ఆస్ట్రేలియాలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. యూనియన్లవాళ్ళు అనేది: మనుషులు దొరకడం లేదంటే జీతం చాలడం లేదని అర్థం, జీతం పెంచండి, కదల్లేని మనుషుల్ని తేవద్దు. వాళ్ళ మాటలో బలం ఉంది. వృద్ధుల సంరక్షణ పనివాళ్ళకి 2023 జూన్ 30 నుంచి ఒక్కసారే 15 శాతం పెంచాల్సి వచ్చిందంటే అన్నేళ్ళు ఎంత తక్కువిచ్చారో తెలుస్తూనే ఉంది. యజమానులు అనేది: జీతం ఎంత పెంచినా 1,500 కిలోమీటర్ల అవతలకి ఎవడొస్తాడు? అదీ నిజమే, ఇక్కడ అక్టోబర్, నవంబర్లలో వాన కురవకముందు ఉక్కపోత అనుభవించినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. 2023లో మాజీ ఉన్నతాధికారి మార్టిన్ పార్కిన్సన్ నాయకత్వంలో ముగ్గురు సభ్యులు వలస వ్యవస్థ మొత్తాన్ని సమీక్షించి, జనాన్ని ఏళ్ళ తరబడి తాత్కాలికులుగానే ఉంచేస్తున్నారని గట్టిగా చెప్పారు. ఆ ఏడాది డిసెంబర్లో ప్రభుత్వం జీతాన్ని బట్టి మూడు దారులు ప్రకటించింది. ఎక్కువ జీతం, మధ్యస్థ జీతం దారులు 2024 డిసెంబర్ 7న మొదలయ్యాయి. తక్కువ జీతంవాళ్ళ మూడో దారి మాత్రం ఆ రోజు తెరుచుకోలేదు, వాళ్ళకి లేబర్ అగ్రిమెంట్ల సందే గతి అయింది.

నా అభిప్రాయం నేను చెప్తాను. ప్రాంతానికి కట్టేయడం తప్పని నేననుకోను. మారుమూల ఊరికి మనుషులు కావాలి, వచ్చినవాడు మూడేళ్ళు ఇక్కడే ఉండాలనడం న్యాయమైన బేరమే, బదులుగా శాశ్వత వీసా దారి ఇస్తున్నారు కాబట్టి. ఒక్క యజమానికి కట్టేయడమే తప్పు. కొరత ప్రాంతానిదైతే వీసా కూడా ప్రాంతం పేరు మీదే ఉండాలి, ఆ ప్రాంతంలో జీతం సరిగ్గా ఇచ్చే ఎవరి దగ్గరైనా పనిచేసుకోనివ్వాలి. అప్పుడు ఆ అమ్మాయికి చుక్కలు పెట్టే పని ఉండేది కాదు, శుక్రవారం కవర్ అడిగే ధైర్యం ఎవడికీ ఉండేది కాదు.

ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ 13 13 94, తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. 2024 జులైలో వర్క్‌ప్లేస్ జస్టిస్ వీసా అని ప్రయోగాత్మకంగా ఒకటి పెట్టారు, దోపిడీకి గురైనవాళ్ళు దేశంలోనే ఉండి కేసు నడుపుకోవడానికి. దాని గురించి కూడా అడగండి.

ఆర్మూర్ తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. రెండు ప్రశ్నలు రాసిచ్చి ఏజెంటుని అడగమన్నాను: ఈ కంపెనీ ఏ డామా ప్రాంతంలో ఉంది, వాళ్ళ లేబర్ అగ్రిమెంట్ కాపీ ఏది? నాలుగు రోజులు ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు ఎత్తి, "నమ్మకం లేకపోతే మానేయ్" అన్నాడట. మానేశాడు. మూడు లక్షల్లో లక్షా పదివేలు తిరిగొచ్చాయి, మిగతాదానికి పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చాడు. మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. మన హెవీ లైసెన్స్ ఇక్కడ నేరుగా చెల్లదు, మళ్ళీ పరీక్ష నెగ్గాలి అని చెప్పాను కదా, దానికి ముందు ఇంగ్లీష్ సంగతి చూసుకుంటానని నిజామాబాద్‌లో సాయంత్రం క్లాసులో చేరాడట. "అన్నా, ఆ ఊరి పేరు ఇంకోసారి చెప్పు, ఎట్ల పలకాలె" అన్నాడు. కాల్గూర్లీ అని చెప్పాను. రెండుసార్లు పలికాడు.